నక్క రక్తం, మూడు స్లైడులు

నాకు మొదట వచ్చిన పెళ్ళి సంబంధం నా ఉద్యోగం వల్లే తప్పిపోయింది. విస్సన్నపేట నుంచి వచ్చిన పెద్దమనిషి కాఫీ తాగుతూ, "అబ్బాయి ఏం చేస్తుంటాడండీ?" అని మా నాన్నగారిని అడిగాడు. పశువుల శాఖలో అని చెప్పి ఊరుకుంటే సరిపోయేది. మా నాన్నగారు బడిపంతులు. సగం నిజం చెప్పడం ఆయనకు చేతకాదు. "అడవి జంతువుల రక్తం చూస్తాడండీ. నక్కలు, కుందేళ్ళు, ఉడుములు, పిట్టలు" అన్నారు. పెద్దమనిషి కప్పు కింద పెట్టి, "అవన్నీ వచ్చి వరసలో నిలబడతాయాండీ?" అన్నాడు. మళ్ళీ కబురు రాలేదు.

వరసలో నిలబడవు. అందుకే ఆ పని కష్టం, అందుకే ఆ పనంటే నాకు గర్వం.

డెబ్బైల్లో తిరువూరులో రెండు గదుల ప్రయోగశాల ఒకటి ఉండేది. చుట్టుపక్కల గుట్టల్లో, తోటల్లో తిరిగే జంతువుల రక్తకణాలు ఎలా ఉంటాయి, వాటిలో ఏ పరాన్నజీవులు కాపురం ఉంటున్నాయి, అవి మన పశువులకు అంటేవా కావా అన్నది తేల్చడం మా పని. నేను అక్కడ టెక్నీషియన్‌ని. ఈ పనిలో కొత్తగా చేరే పిల్లలు నన్ను పుస్తకాల్లో లేనివి చెప్పమంటుంటారు. వాళ్ళ కోసమే ఇది. ప్రమోషన్లు, బదిలీలు, ఫైళ్ళ సంగతి రాయను. ఆనాటి డైరీలు ముందు పెట్టుకుని రాస్తున్నాను. ఎవరు ఏమన్నారో ఆ రోజే రాసుకున్నాను కాబట్టి మాటలు నావి కావు, వాళ్ళవే.

పని అంటే

జంతువు చెవి అంచునో, కాలి మీదో సూదితో పొడిచి ఒక చుక్క రక్తం తీస్తాం. దాన్ని స్లైడు మీద, అంటే వేలెడు పొడవున్న గాజు పలక మీద, ఒక చివర పెట్టి ఇంకో స్లైడు అంచుతో పలచగా లాగుతాం. దోసె పిండి పెనం మీద తిప్పినట్టు కాదు. ఒక్క లాగు, ఒకే దిక్కు, చెయ్యి వణకకూడదు. ఆరాక స్పిరిట్లో ముంచి, రంగు పోసి, కడిగి, మైక్రోస్కోపు కింద పెడతాం. చెప్పడానికి నాలుగు ముక్కలు. ఒక్కో ముక్కకీ నాకు ఒక్కో ఏడాది పట్టింది.

మొదటి వేసవిలో మా స్లైడులన్నీ నీలంగా తేలేవి. కారణం తిరువూరు బావి నీళ్ళు. ఆ ఉప్పునీళ్ళలో కలిపితే రంగు సరిగ్గా పట్టదు. పరిశుభ్రమైన నీళ్ళు బెజవాడ నుంచి రావాలి, అవి వచ్చినప్పుడే వచ్చేవి. చివరికి లారీల బ్యాటరీలు బాగుచేసే షాపులో, బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ పనికొస్తుందని కనిపెట్టాను. అప్పటి నుంచి వారానికోసారి సీసా పట్టుకుని అక్కడికి వెళ్ళేవాణ్ణి. "మీ నక్క ఇంకా స్టార్టవలేదా సార్?" అని షాపు మేస్త్రీ ప్రతిసారీ అడిగేవాడు.

ఈగల సంగతి కూడా చెప్పాలి. పొలంలో స్లైడు ఆరబెట్టి పక్కకు తిరిగితే ఈగలు వాలి రక్తాన్ని నాకేస్తాయి. తర్వాత మైక్రోస్కోపులో చూస్తే కణాల మధ్య గుండ్రటి ఖాళీలు కనబడతాయి. వాటిని చూసి ఏదో కొత్త జబ్బని వారం రోజులు తలబద్దలు కొట్టుకున్నాను. అప్పటినుంచి స్లైడులు ఆరేదాకా నా తువ్వాలుతో విసురుతూ కూర్చునేవాణ్ణి. దారిన పోయేవాళ్ళు గాజు ముక్కలకు విసనకర్ర పట్టేవాడని నవ్వేవాళ్ళు.

గువ్వ నేర్పిన పాఠం

చేరిన రెండో వారంలో ఒక అడవి గువ్వ రక్తం చూశాను. ప్రతి ఎర్రకణం మధ్యలో ఊదారంగు ముద్ద ఉంది. ఒక్క కణం కూడా వదల్లేదు. లేచి డాక్టరు గారి గదిలోకి పరుగెత్తాను.

"సార్, ఈ గువ్వకి ఒళ్ళంతా జబ్బే సార్! ఒక్క కణం కూడా బాగాలేదు."

ఆయన తల ఎత్తకుండానే, "గువ్వ బతికే ఉందా?" అన్నారు.

"ఎగిరిపోయింది సార్."

"ఒళ్ళంతా జబ్బున్నది ఎగిరిపోయిందా? పోయి ఒక కోడి రక్తం చూసి రావయ్యా."

కోడిలోనూ అదే. తొండలోనూ, తాబేలులోనూ అదే. పిట్టలకూ పాకే జంతువులకూ ఎర్రకణం మధ్యలో కేంద్రకం ఉంటుంది. మనకీ, మేకకీ, నక్కకీ ఉండదు. ఆ ఊదా ముద్ద జబ్బు కాదు, దాని పుట్టుక. ఆ సాయంత్రం డైరీలో ఒక పట్టీ మొదలుపెట్టాను. ఏ జంతువు ఎర్రకణం ఎంత పెద్దది, ఏ ఆకారం, మధ్యలో ఏముంది అన్నది అందులో రాసేవాణ్ణి. మైక్రోస్కోపు కంటిఅద్దంలో సన్నటి కొలగీతలుంటాయి, వాటితో కొలవచ్చు. మేకది మరీ చిన్నది. ఎద్దుది దానికంటే కొంచెం పెద్దది. కుక్కదీ నక్కదీ ఎద్దుకంటే బాగా పెద్దవి. ఎవరూ అడగని పట్టీ అది. దానివల్ల ఏం ఒరుగుతుందో అప్పుడు నాకూ తెలియదు.

మా డాక్టరు గారు

మా అధికారి డాక్టర్ సుందరరామయ్య గారు పశువైద్యులు. మైక్రోస్కోపు ముందు ఆయనంత ఓపికున్న మనిషిని నేను చూడలేదు. ఒకే స్లైడు మీద ఒక పూట కూర్చునేవారు. "కనబడిందని చెప్పడం ఎవరైనా చేస్తారు. కనబడలేదని చెప్పాలంటే స్లైడంతా తిరిగి ఉండాలి" అనేవారు. నాకు వచ్చిన విద్యలో ముప్పాతిక ఆయనదే.

ఆయన లోపం కూడా రాయాలి, లేకపోతే ఇది పొగడ్త అవుతుంది. గది దాటి పెద్దమనుషుల ముందు నిలబడితే ఆయనకు "తెలియదు" అన్న మాట నోటికి రాదు. మైక్రోస్కోపు ముందు నెల ఆగగలిగిన మనిషి, మోతుబరి రైతు ముందు నిమిషం ఆగలేరు. ఈ పనిలో ఆ రెండో గుణమే ఎక్కువ ప్రమాదం. ఆ సంగతి ఒకే ఒక్క వారంలో తెలిసొచ్చింది. అయితే ఆ వారంలో ముందు తప్పు చేసింది ఆయన కాదు, నేను.

ఎర్రమూత్రం

రెడ్డిగూడెం దాటాక మామిడి తోటల మధ్య ఒక పల్లె ఉంది. పేరు రాయను, ఆ కుటుంబాలు ఇంకా అక్కడే ఉన్నాయి. మా నాన్నగారు కొన్నేళ్ళు అక్కడి బడిలో పంతులుగా చేశారు, అందుకని ఊళ్ళో అందరికీ నేను తెలుసు. తొలకరికి ముందు ఆ ఊళ్ళో రామకోటయ్య గారి దుక్కిటెద్దులకు జబ్బు చేసింది. ఒళ్ళు కాలిపోయే జ్వరం, మేత ముట్టవు, మూత్రం కాఫీ డికాషన్ రంగులో పోస్తున్నాయి. ఒక ఎద్దు మూడో రోజు చచ్చిపోయింది. ఆ పక్కింటివాళ్ళ ఎద్దు ఒకటి పడిపోయింది. దుక్కి సమయం, ఎద్దులు పోతే ఆ ఏడు సేద్యం పోయినట్టే.

ఎద్దుల రక్తం తీసి చూశాం. అనుమానమేం లేదు. ఎర్రకణాల లోపల జంటజంటగా, రెండు వేపగింజలు మొనలు కలిపి పెట్టినట్టు పరాన్నజీవులు. ఎర్రమూత్రం జబ్బు. ఇది పిడుదుల వల్ల వస్తుంది. జబ్బున్న పశువు నుంచి రక్తం తాగిన పిడుదుల సంతతి ఇంకో పశువును పట్టుకుని అంటిస్తుంది.

ఊళ్ళో మాట వేరే. చచ్చిన ఎద్దును ఊరి వెనక గుట్ట దగ్గర పారేస్తే నక్కలు పీక్కుతిన్నాయి. తర్వాత సందెవేళ అవి కొట్టాల చుట్టూ తిరుగుతుంటే చూశారు. "నక్కలే తెస్తున్నాయి" అన్నారు. నక్క రక్తం కూడా చూద్దామని డాక్టరు గారు నిర్ణయించారు. అడవి శాఖవాళ్ళ అనుమతి కాగితం మా దగ్గర ఎప్పుడూ ఉండేది.

నక్కను పట్టింది ఏసోబు బాబాయి. కూలిపని చేసేవాడు, పనిలేని రోజుల్లో మూడు కుక్కలతో, వలతో కుందేళ్ళు పట్టేవాడు. ఆయనా మేమూ ఒకే చర్చికి వెళ్ళేవాళ్ళం, అందుకే నాకు బాబాయి. నక్కకు మూతి కట్టి, గోనెసంచి కప్పి, చెవి మీద పొడిచి మూడు స్లైడులు తీశాను. తర్వాత వదిలేశాం.

ఆ వారం కొత్త స్లైడులు అయిపోవచ్చాయి. అప్పట్లో స్లైడులు పారేసేవాళ్ళం కాదు. ఘాటైన ఆసిడ్లో ఒక రోజంతా నానేసి, పది నీళ్ళు కడిగి మళ్ళీ వాడేవాళ్ళం. ఆ వారం ఆసిడ్ కూడా అయిపోయింది. చాకలి సోడా వేసి ఉడకబెట్టి, గుడ్డతో తుడిచాను. గాజు మెరిసింది, నాకది చాలింది. నక్క రక్తం తీసిన మూడింటిలో ఒకటి మాత్రమే కొత్తది.

మొదటి స్లైడు పెట్టి చూస్తుంటే అంచు దగ్గర వేపగింజల జంటలు కనబడ్డాయి. ఒకటి, రెండు, పది. మిగతా రెండు స్లైడుల వంక కూడా చూడలేదు.

"సార్, ఉన్నాయండీ! నక్కలో కూడా అవే ఉన్నాయి!"

డాక్టరు గారు వచ్చి చూశారు. ఆయనకూ అవే కనబడ్డాయి. ఆయన స్లైడంతా తిరిగేవారే. కానీ సరిగ్గా ఆ సమయానికి రామకోటయ్య గారు నలుగురిని వెంటబెట్టుకుని వచ్చి వరండాలో కూర్చున్నారు.

"ఏం తేలిందండీ డాక్టరు గారూ?"

"మీ అనుమానం నిజమేనండి. నక్క రక్తంలో అదే పురుగుంది" అన్నారు ఈయన.

రామకోటయ్య గారు లేచి కండువా దులుపుకున్నారు. "ఇంకేం. ఆదివారం గుట్ట చుట్టూ మందు పెడతాం. మేక పేగుల్లో ఎండ్రిన్ పురుగుమందు కలిపి పడేస్తే ఒక్కటి మిగలదు."

అది గురువారం.

ఏసోబు బాబాయి ప్రశ్న

శుక్రవారం పొద్దున్నే ఏసోబు బాబాయి మొదటి బస్సుకు వచ్చేశాడు. చెప్పులు గుమ్మం బయట విడిచి, లోపలికి రాకుండా అక్కడే నిలబడ్డాడు.

"ఏంట్రా పంతులుగారబ్బాయ్, నా కొంప ముంచావు?"

"ఏమైంది బాబాయ్?"

"ఎండ్రిన్ పెడతన్నారుగా. మేక పేగులకి నక్కా కుక్కా తేడా ఉంటదా? నా మూడు కుక్కలూ పోతాయి. కుక్కలు పోతే కుందేళ్ళని వలలోకి ఎవరు తరుముతారు? పని దొరకని రోజు మా ఇంట్లో కూర అంటే కుందేలే గదా."

"ఆదివారం కట్టేసుకో బాబాయ్."

"ఎన్ని రోజులు కట్టేసుకోను? చచ్చిన నక్కని కాకి తింటది, కాకి పడితే పిల్లి తింటది. ఆ గుట్ట మీద ఎన్నాళ్ళుంటదో ఆ విషం నువ్వు చెప్పు, అన్నాళ్ళూ కట్టేస్తా."

ఆయన వెళ్ళబోతూ ఆగాడు.

"ఒక్క మాటరా. ఆ ఎద్దులు చూశావుగా, నిలబడలేక కూలబడ్డాయి. నక్కకి కూడా అదే జబ్బంటివి. మరి అది నా వల రెండు చోట్ల చింపిందే! వదిలితే గుట్ట ఎక్కేదాకా దాని తోక కూడా కనబళ్ళా. జబ్బు మనిషి అట్టా ఉరుకుతాడంట్రా?"

జబ్బు ఉండి కూడా బాగా తిరిగే జంతువులుంటాయి. అది నాకు తెలుసు, ఆయనకు తెలియదు. కానీ గువ్వ విషయంలో డాక్టరు గారు నన్నడిగిన ప్రశ్న కూడా ఇదే. బాబాయి వెళ్ళగానే స్లైడు మళ్ళీ పెట్టాను.

ఈసారి వేపగింజలను చూడలేదు. అవి ఏ ఇంట్లో ఉన్నాయో, ఆ ఇళ్ళను చూశాను. గింజలున్న కణాలు చిన్నవి. వాటి పక్కనే, పైనా ఖాళీగా ఉన్న కణాలు పెద్దవి. కొలగీతలు పెట్టి ఒక్కొక్కటీ కొలిచి, డైరీలో పట్టీ తీశాను. పెద్దవి నక్క కొలత. చిన్నవి ఎద్దు కొలత. గింజలున్నది ఒక్కటి కూడా పెద్దదాంట్లో లేదు. ఒక్క స్లైడు మీద రెండు జంతువుల రక్తం ఉంది.

డైరీలో ముందు పేజీలు తిప్పాను. నా చేతి రాతే: "ఆసిడ్ లేదు. ఎద్దు స్లైడులు సోడాతో కడిగాను." అంచున సన్నటి పొరగా మిగిలిపోయిన ఎద్దు రక్తం రంగు పోయి కంటికి కనబడలేదు, మళ్ళీ రంగు పోసేసరికి లేచి కూర్చుంది. ఆ నక్కదే కొత్త గాజు మీద తీసిన మూడో స్లైడు ఉంది కదా, అది నిన్ననే చూసి ఉండాల్సింది. చీకటి పడేదాకా ఒక కొస నుంచి ఇంకో కొసకు చూశాను. శుభ్రంగా ఉంది.

ఇక్కడ కొత్తవాళ్ళకు ఒక మాట. స్లైడు సరిగ్గా కడగకపోవడం చిన్న తప్పు, ఎవరికైనా జరుగుతుంది. నేను వెతుకుతున్నది కనబడగానే వెతకడం మానేశాను చూడండి, అది పెద్ద తప్పు. లేదనుకున్నది కనబడితే నాలుగుసార్లు చూస్తాం. ఉందనుకున్నది కనబడితే ఒక్కసారికే లేచి నిలబడతాం.

జొన్నల్లో సజ్జలు

శనివారం పొద్దున డాక్టరు గారికి చెప్పాను. అప్పటికి నాది తాత్కాలిక ఉద్యోగం, ఆయన ఒక్క వాక్యంతో పోతుంది.

"సోడాతో కడిగానని నాకెందుకు చెప్పలేదు?"

"మెరిసింది కదా అనుకున్నానండి."

"నువ్వు అనుకున్నావు, నేను ఊరందరి ముందు అనేశాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్ళమంటావు?"

"నేను వెళ్ళి చెప్తానండి. తప్పు నాదని చెప్తాను."

ఆయన కుర్చీ లాక్కుని మైక్రోస్కోపు ముందు కూర్చున్నారు. మూడు స్లైడులూ చూశారు. కొలగీతలు తనే పెట్టి కొలిచారు. చాలాసేపటికి కళ్ళు తుడుచుకుని లేచారు.

"నువ్వు కడగలేదు, నేను కొలవలేదు. చెరిసగం. పెట్టె సర్దు. జీపు బాగులేదు, బస్సెక్కుదాం."

మైక్రోస్కోపు పెట్టెను చంటిపిల్లవాడిలా ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చున్నాను. ప్రతి గోతికీ పెట్టెను గాల్లోకి లేపి పట్టుకున్నాను.

మేం వెళ్ళేసరికి రామకోటయ్య గారి అరుగు మీద మందు డబ్బా పెట్టి ఉంది. ఇద్దరు మనుషులు గంపలో పేగులు కోస్తున్నారు. ఒక రోజు ముందే మొదలుపెట్టేశారు.

"రండి డాక్టరు గారూ, సమయానికొచ్చారు. ఎంత కలపాలో చెప్పండి" అన్నారు రామకోటయ్య గారు.

డాక్టరు గారి పెదవులు కదిలాయి గాని మాట రాలేదు. నేను ముందుకు వచ్చాను.

"కలపొద్దండి. నేను చూసింది తప్పు. ఆ స్లైడులో ఉన్న పురుగులు నక్కవి కావండి, మీ ఎద్దువే."

కత్తులు ఆగాయి. "అదెట్టా?" అన్నారు ఆయన.

బడి వరండాలో ఎండ బాగా పడేచోట బల్ల వేయించాను. మైక్రోస్కోపు అద్దంతో ఎండను లోపలికి తిప్పి, స్లైడు సరిచేసి, రామకోటయ్య గారిని కూర్చోబెట్టాను. ఒక కన్ను మూసుకోవడం రాక, ఒక అరచేత్తో మూసుకున్నారు. చుట్టూ ఊరంతా మూగింది.

"ఏం కనబడుతున్నాయండీ?"

"గుండ్రంగా... గింజల్లాగా ఉన్నాయి."

"అన్నీ ఒకే సైజులో ఉన్నాయాండీ?"

చాలాసేపు చూశారు. ఆరబోసిన ధాన్యాన్ని జీవితమంతా చూసిన కళ్ళు అవి. ఉన్నట్టుండి, "లేవయ్యా! జొన్నల్లో సజ్జలు కలిసినట్టున్నాయి" అన్నారు.

"పెద్దవి నక్కవండి. చిన్నవి ఎద్దువి. పురుగు ఎందులో ఉందో చూడండి."

"సజ్జల్లోనే ఉంది." తల ఎత్తారు. "నక్క నెత్తుట్లోకి ఎద్దు నెత్తురు ఎట్టా వచ్చింది? ఎవరు కలిపారు?"

ఊరంతా నా వైపే చూసింది. మా నాన్నగారి దగ్గర చదువుకున్న వాళ్ళే సగం మంది.

"నేనేనండి. పాత గాజుముక్కని సరిగ్గా కడగకుండా మళ్ళీ వాడాను."

వెనక నుంచి రామకోటయ్య గారి తల్లి గొంతు లేచింది. "ఏవయ్యా, అంట్లు తోమడం కూడా రాదా నీకు? మా చిన్న కోడలు పప్పు గిన్నె ఇంతకంటే శుభ్రంగా తోముద్ది!"

ఊరు పడి పడి నవ్వింది. నేను తల వంచుకున్నాను. నవ్వు ఆగేదాకా డాక్టరు గారు నా భుజం మీద చెయ్యి వేసి పక్కనే నిలబడ్డారు. తర్వాత ఆయనకు గొంతు వచ్చింది.

"రెండు రోజుల క్రితం నక్కదేనని చెప్పింది నేనండి. తెలియకుండా చెప్పాను. నక్కల్లో ఈ జబ్బు ఉందో లేదో ఇవాళ్టికి మాకు తెలియదు."

ఆయన నోటి నుంచి నలుగురిలో "తెలియదు" అన్న మాట వినడం నాకదే మొదటిసారి.

రామకోటయ్య గారు తేలిగ్గా వదిలే మనిషి కాదు. "ఒక్క నక్కని చూసి చెప్పిన మాట మొన్న నమ్మాను. ఇప్పుడు కూడా ఒక్క నక్కే గదా? ఇంకో నాలుగింటిని పట్టి చూడండి. అందాక డబ్బా మూత తియ్యను. ఒక్కదాంట్లో ఉందన్నా పెడతాను."

న్యాయమైన మాట. ఆయన చదువుకోలేదు గానీ, పరిశోధన ఎలా చెయ్యాలో ఆ రోజు మాకు చెప్పింది ఆయనే. పేగుల గంపను ఆయన ముందే గోయి తీసి పూడ్చారు.

డాక్టరు గారు కొట్టంలోకి వెళ్ళి మిగిలిన ఎద్దు తోక కింద, చెవుల్లో వెతికారు. పిడుదులు. పక్కనే, వేసవిలో రామకోటయ్య గారు సంత నుంచి తెచ్చిన కొత్త ఎద్దు మెడ కింద గుత్తులుగా ఉన్నాయి. ఆ ఎద్దుకు జ్వరమూ లేదు, జబ్బూ లేదు. దాని రక్తంలో మాత్రం వేపగింజలు అక్కడక్కడా ఉన్నాయి. జబ్బు ఊళ్ళోకి ఏ దారిన వచ్చిందో ఆ సాయంత్రానికి తెలిసిపోయింది. జబ్బు చేసిన ఆయన ఎద్దుకూ, పక్కింట్లో పడిపోయిన ఎద్దుకూ ఇంజక్షన్లు ఇచ్చాం. రెండూ నిలబడ్డాయి.

ఆ తర్వాత నాలుగు నక్కలు

ఏసోబు బాబాయి నెల రోజులు వల పట్టుకుని గుట్ట చుట్టూ తిరిగాడు. కుందేలు పడితే ఇంటికి, నక్క పడితే నాకు. ఒక్కోసారి ఉత్త చేతులతో వచ్చేవాడు. "మీ నక్కలకి కబురందినట్టుందిరా. ఒక్కటీ దిగట్లా" అనేవాడు.

ప్రతి నక్కకూ మూడు స్లైడులు, మూడూ కొత్తవి. డాక్టరు గారు బెజవాడ వెళ్ళి స్వయంగా పెట్టె తెచ్చారు. నేను చూసినవన్నీ ఆయన చూసేవారు. ఆయన చూడకముందు నేను ఏం కనబడిందో చెప్పకూడదని ఒప్పందం. ఒక కాగితం మీద రాసి మడిచి పెట్టేవాణ్ణి. ఆయనదీ రాశాక రెండూ పక్కపక్కన పెట్టి చూసుకునేవాళ్ళం. ఆ పద్ధతిని నా ఉద్యోగం అయ్యేదాకా వదల్లేదు. మీరు కూడా వదలొద్దు.

మొదటి రెండు నక్కలూ శుభ్రం. మూడోదాంట్లో ఏదో కనబడింది. ఈసారి లేవలేదు. ముందు కణాన్ని కొలిచాను. పెద్దది, నక్కదే. అందులో ఉన్నవి వేపగింజలు కావు. చిన్నచిన్న ఉంగరాలు, కుక్కజాతిలో ఉండే పరాన్నజీవి. పుస్తకంతో సరిచూసి, ఇది పశువులకు అంటేది కాదని డాక్టరు గారు తేల్చారు. దాచేస్తే ఎవరికీ తెలియదు. "ఒక్కదాంట్లో ఉందన్నా పెడతాను" అని రామకోటయ్య గారు అన్నది ఇద్దరికీ గుర్తుంది. అయినా మైక్రోస్కోపు పెట్టె మళ్ళీ ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాం.

ఆయన చూసి, పక్కన ఎద్దు స్లైడు పెట్టించుకుని అదీ చూసి, చాలాసేపు మీసం దువ్వుకున్నారు.

"అయితే దాని జబ్బు దానిది, మా జబ్బు మాది అంటారు."

"అంతేనండి."

"ఇది చెప్పకపోతే నాకు తెలిసేది కాదుగా?"

"తెలిసేది కాదండి" అన్నారు డాక్టరు గారు.

నాలుగో నక్క దొరికినప్పుడు రామకోటయ్య గారే గుట్ట దగ్గరకు వచ్చారు. నేను రక్తం తీస్తుంటే గోనెసంచి అంచు తనే పట్టుకున్నారు. అక్కడికి కూడా మైక్రోస్కోపు తీసుకెళ్ళాం, మధ్యాహ్నం ఎండలో చింతచెట్టు పక్కన పెట్టి చూశాం. నేను కాగితం రాసి మడిచాను. డాక్టరు గారు రాసి మడిచారు. రెండూ రామకోటయ్య గారి చేతికిచ్చాం. ఆయనకు చదవడం రాదు. ఏసోబు బాబాయి మా నాన్నగారి దగ్గర అక్షరాలు దిద్దుకున్నవాడు కనక, కూడబలుక్కుని చదివాడు. రెండింటిలోనూ ఒకటే మాట: లేదు.

"సరే, వదిలెయ్" అన్నారు రామకోటయ్య గారు.

ఈ పనిలో నేను ఏం సాధించానని ఎవరైనా అడిగితే, నేను చూసిన జంతువుల పేర్లు చెప్పను. నా తప్పును నేనే కనిపెట్టి, ఆదివారం రాకముందే చెప్పానని చెబుతాను. ఆ గర్వం నాకు ఇవాళ్టికీ తగ్గలేదు.

బాబాయి నక్క మూతికి కట్టిన గుడ్డ విప్పాడు. మూడు కుక్కలూ తాళ్ళు తెంచుకునేట్టు అరుస్తున్నాయి. నక్క ఒక్క క్షణం మా వంక చూసి, నమ్మకం కుదరనట్టు కదలకుండా నిలబడింది. బాబాయి దాని వీపు మీద ఒక్కటి చరిచాడు.

"పోవే, పో! నీ మీద కేసు కొట్టేశారు."